ఆఫీసు ఫోన్ మీద దొంగ ఐఎస్డీ కాల్స్: సిమ్ములా, ఇంటర్‌కం బాక్సా, ఐపీ పీబీఎక్సా, క్లౌడా?

ముందే అసలు మాట చెప్పేస్తాను. మీ ఆఫీసు లైన్ నుంచి ఎవరూ విదేశాలకి మాట్లాడకపోతే, ఐఎస్డీ పూర్తిగా తీసేయమని మీ ఆపరేటర్‌కి ఇవాళే ఒక మెయిల్ పెట్టండి, తీసేశామని వాళ్ల దగ్గర్నుంచి జవాబు తెప్పించుకుని దాచుకోండి. ప్రమాదంలో పెద్ద భాగం అక్కడితో పోతుంది. కొత్త బాక్సు కొనాలా, క్లౌడ్‌కి మారాలా అన్న లెక్కలు ఆ తర్వాత నింపాదిగా వేసుకోవచ్చు.

ఫోన్ సిస్టమ్ కొనేటప్పుడు మనవాళ్లు అడిగేవి రెండే: నెలకెంత అవుతుంది, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు వస్తాయి. మూడోది ఎవరూ అడగరు. దొంగ ఇందులోకి దూరితే ఒక్క రాత్రిలో ఎంత బిల్లు చేయగలడు, దాన్ని ఆపే తాళం ఎవరి చేతిలో ఉంది? నా మటుకు నేను ఈ ప్రశ్నతోనే ఒక్కోదాన్నీ పోల్చి చూస్తాను, ఫీచర్ల జాబితా తర్వాత సంగతి.

దొంగకి ఇందులో లాభమేంటి అనుకుంటున్నారా? కొన్ని దేశాల్లో నిమిషానికి ఎక్కువ రేటు పడే ప్రీమియం నంబర్లు ఉంటాయి. ఆ నంబర్లకి వచ్చే కాల్స్ మీద వసూలైన డబ్బులో నంబరు పెట్టుకున్నవాడికి వాటా వెళ్తుంది. దొంగ అలాంటి నంబర్లు చేతిలో పెట్టుకుని, మీ సిస్టమ్‌లోకి దూరి, మీ లైన్ నుంచి వాటికే కాల్స్ కొట్టిస్తాడు. అవతల ఎవరూ మాట్లాడక్కర్లేదు, కాల్ కలిసి నిమిషాలు తిరిగితే చాలు. ఒక పీఆర్ఐ లైన్ (ఆపరేటర్లు ఆఫీసులకిచ్చే పెద్ద లైన్) అంటే ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి, అన్నీ సాఫ్ట్‌వేరే కొడుతుంది. అర్ధరాత్రి చెరువు గట్టుకి గండి పడినట్టే ఇదీ, తెల్లారి తలుపు తీసేసరికి పోవాల్సింది పోయి ఉంటుంది. అందుకే వీళ్లు రాత్రిళ్లు, ఆదివారాలు, పండగలు చూసుకుని వస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఏ ఆఫీసులో మనుషులుంటారు చెప్పండి, సగం మంది కోడిపందేల బరుల దగ్గర, మిగతా సగం అత్తారింట్లో.

ఎంత పోతుందో ఊహించుకోడానికి ఒక ఉదాహరణ. 2014లో అమెరికా జార్జియా రాష్ట్రంలోని నార్‌క్రాస్ ఊళ్లో ఏడుగురు పనిచేసే చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఒకే వారాంతంలో సుమారు 1,66,000 డాలర్ల కాల్స్ పడ్డాయి. గాంబియా, సోమాలియా, మాల్దీవులకి. ఆఫీసు చిన్నదని దొంగ వదిలెయ్యడు, నిజానికి చిన్న ఆఫీసే వాడికి సులువు. లైన్ మీద కన్నేసి ఉంచే ఐటీ మనిషి అక్కడ ఉండడు.

బిల్లు ఎవరు కట్టాలనేది ఇంకో తలనొప్పి. కాల్ నిజంగానే మీ లైన్ నుంచే వెళ్లింది, మీ ఆపరేటర్ అవతలి దేశం ఆపరేటర్‌కి డబ్బు ఇవ్వాల్సి వస్తుంది, కాబట్టి మీ పరికరం నుంచి వెళ్లిన కాల్స్‌కి మీదే బాధ్యత అని ఒప్పందాల్లో మామూలుగా రాసే ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క పేరా అయినా చదవండి.

ఇక ఒక్కోటీ చూద్దాం.

ఉత్త సిమ్ములు

ఇద్దరు ముగ్గురు నడిపే వ్యాపారానికి, అంటే కడియంలో చిన్న నర్సరీకో, ఆత్రేయపురం నుంచి పూతరేకులు కొరియర్ చేసేవాళ్లకో, అంబాజీపేట కొబ్బరి వ్యాపారికో వేరే సిస్టమే అక్కర్లేదు. రెండు ప్రీపెయిడ్ సిమ్ములు చాలు. ప్రీపెయిడ్‌లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే నష్టానికి పైకప్పు దానంతటదే ఉంటుంది. ఐఎస్డీ కాల్ డబ్బులు మెయిన్ బ్యాలెన్స్ నుంచే పోవాలి, అది అయిపోతే కాల్ ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్ అయితే క్రెడిట్ లిమిట్ ఎంత పెట్టారో, ఐఎస్డీ, రోమింగ్ తెరిచి ఉన్నాయో కనుక్కోండి.

సిమ్ముకి ఉన్న అసలు బెడద కాల్ ఫార్వర్డింగ్. "మీ పార్సిల్ ఆగిపోయిందండీ, ఈ నంబరు నొక్కండి" అని ఫోన్ చేసి, *401* తర్వాత వాడి మొబైల్ నంబరు కొట్టిస్తారు. దాంతో మీకొచ్చే కాల్స్ అన్నీ వాడికి మళ్లుతాయి, ఫోన్‌లో చదివి చెప్పే ఓటీపీతో సహా. ఈ గొడవ వల్లే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కోడ్ కొట్టి ఫార్వర్డ్ పెట్టుకునే పద్ధతిని ఆపమని ఆపరేటర్లకి చెప్పింది. అయినా *#21# కొట్టి ఫార్వర్డ్ ఏదైనా ఉందేమో చూసుకోవడంలో తప్పు లేదు, ఉంటే ##002# అన్నీ తీసేస్తుంది. ఇంకోటి, తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్క రింగ్ ఇచ్చి కట్ అయితే తిరిగి కొట్టొద్దని కుర్రాళ్లకి చెప్పి ఉంచండి.

ఇంటర్‌కం బాక్సు

ఆస్పత్రులు, లాడ్జీలు, రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, ఇక్కడ మాత్రం గది గదికీ ఫోన్ కావాలి. మ్యాట్రిక్స్, సింటెల్, పాత పానసోనిక్ లాంటి ఈపీఏబీఎక్స్ బాక్సులు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి. మామూలు ల్యాండ్‌లైన్ల మీద నడిచే బాక్సు ఇంటర్నెట్‌కి తగిలి ఉండదు, ఆ విషయంలో ఇది ఐపీ పీబీఎక్స్ (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ సిస్టమ్) కంటే చాలా నయం. కానీ ఫోన్ దారిలోనే లోపలికి వచ్చే సందులు దీనికున్నాయి, ఎక్కువ మందికి ఆ సందులున్నాయనే తెలియదు.

మొదటిది డీసా. బయట నుంచి ఆఫీసు నంబరుకి కాల్ చేసి, ఒక కోడ్ కొట్టి, అదే బాక్సు ద్వారా మళ్లీ బయటికి కాల్ చేసుకునే సదుపాయం. ఎప్పుడో ఓనర్ ఇంటి నుంచి ఆఫీసు లైన్ మీద ఎస్టీడీ మాట్లాడుకోడానికి పెట్టించుకుని ఉంటాడు, ఇప్పుడు అన్‌లిమిటెడ్ మొబైల్ వచ్చాక దాని అవసరమే లేదు, అయినా తెరిచే ఉంటుంది. కోడ్ నాలుగంకెలైతే పదివేల కోడ్‌లే సాధ్యం, దొంగ దగ్గర యంత్రం ఉంది, రాత్రంతా కొడుతూనే ఉంటుంది. డీసా ఆపించేయండి.

రెండోది ట్రంక్ నుంచి ట్రంక్‌కి కలపడం, అంటే బయట నుంచి వచ్చిన కాల్‌ని మళ్లీ బయటికే మళ్లించడం. ఆటో అటెండెంట్ "రిసెప్షన్‌కి 9 నొక్కండి" అంటున్నప్పుడు వచ్చినవాడు 9కి బదులు బయటి లైన్ కోడ్ నొక్కితే డయల్ టోన్ ఇచ్చే బాక్సులు కూడా ఉంటాయి, మీరే బయట నుంచి కొట్టి చూడండి, అన్ని అంకెలూ. మూడోది టెక్నీషియన్ పాస్‌వర్డ్. బాక్సు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడున్న 1234 లేదా 0000 అలాగే ఉంటే మీరు ఎన్ని తాళాలు వేసినా వాడు లోపలికొచ్చి తీసేస్తాడు. ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) చూసే అబ్బాయి "మార్చితే నాకు గుర్తుండదండీ" అంటాడు, ఆయ్ అని ఊరుకోకండి, మార్పించి ఆ అంకెలు మీ పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు సున్నా సంగతి. ఇది కాస్త నిదానంగా చదవండి. పాత రోజుల్లో ఎక్స్‌టెన్షన్‌కి ఎస్టీడీ లాక్ అంటే మొదటి అంకె 0 వస్తే ఆపేయడమే, దాంతో 00తో మొదలయ్యే ఐఎస్డీ కూడా దానంతటదే ఆగిపోయేది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబరు కొట్టాలంటే ముందు 0 తప్పనిసరి అయింది. దాంతో ఆ లాక్ ఉన్న ఆఫీసుల్లో మొబైల్‌కి కాల్ వెళ్లదు, టెక్నీషియన్‌ని పిలుస్తారు, అతను సున్నా తెరిచేసి పోతే పని అయిపోయిందనిపిస్తుంది, వెనకాల 00 కూడా తెరుచుకుని ఉందని ఎవరికీ తట్టదు. మీ బాక్సులో 0 అనుమతించి 00ని విడిగా ఆపారో లేదో అడగండి. ఇదొక్కటే ఫోన్ చేసి అడగదగ్గ పని, ఐదు నిమిషాలు పట్టదు.

రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి. "టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి మాట్లాడుతున్నామండీ, లైన్ టెస్ట్ చేస్తున్నాం, 90 కొట్టి హాష్ నొక్కి పెట్టేయండి" అంటే బయటి లైన్ వాడి చేతిలో పెట్టమని అడుగుతున్నట్టే. లైన్ టెస్ట్ చేసేవాళ్లకి మీరేమీ నొక్కాల్సిన పని ఉండదు.

బాక్సులో పెట్టే లాక్ వేరు, ఎక్స్ఛేంజిలో పెట్టే లాక్ వేరు. బాక్సులోకి దూరినవాడు బాక్సు లాక్ తీయగలడు, ఆపరేటర్ దగ్గర ఆపిన ఐఎస్డీని అక్కడి నుంచి తెరవలేడు. రెండూ పెట్టుకోవచ్చు, ఒక్కటే పెట్టుకునేట్టయితే ఆపరేటర్ దగ్గరదే పెట్టుకోండి.

సొంత ఐపీ పీబీఎక్స్

ఫ్రీపీబీఎక్స్, ఇసాబెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, పక్కన పడేసిన ఒక కంప్యూటర్, ఫైబర్ నెట్, ఒక సిప్ ట్రంక్ (ఆపరేటర్ ఇంటర్నెట్ మీద ఇచ్చే ఫోన్ లైన్). చవగ్గా పెద్ద ఆఫీసు సదుపాయాలన్నీ వస్తాయి. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను, బాగా పెట్టుకుంటే దీన్ని మించింది లేదు. కానీ "పెట్టేసి మర్చిపోయే" సామాను కాదిది, దొంగ కాల్స్ విషయంలో నాలుగింట్లోనూ ఎక్కువ ప్రమాదం దీనికే.

ఎందుకంటే ఇంటర్నెట్‌లో ప్రతి ఐపీ అడ్రసునీ 5060 పోర్టు (ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ వచ్చే తలుపు) మీద తట్టి చూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. సిప్‌విషస్ అనే పరికరం అసలు భద్రత పరీక్షించడానికి రాసింది, దాన్నే దొంగలూ వాడతారు, మీ లాగ్‌లో ఫ్రెండ్లీ స్కానర్ అన్న పేరు కనబడితే మీకూ తట్టారని అర్థం. వాళ్లు ముందు 100, 101, 1000 లాంటి ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయా అని చూస్తారు, తర్వాత పాస్‌వర్డ్ కూడా అదే నంబరేమో చూస్తారు. ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డ్ 101 అని పెట్టినవాళ్లు ఎంతమందో! పొడుగాటి పాస్‌వర్డ్ పెడితే ఫోన్‌లో కొట్టడం కష్టమని టెక్నీషియన్లు అలా చేస్తుంటారు, కానీ ఆ పాస్‌వర్డ్ కొట్టేది ఒక్కసారే.

ఇది పెట్టుకోవాలనుకుంటే అడగాల్సినవి ఇవి. 5060 పోర్టుని రౌటర్‌లో బయటికి తెరవొద్దు, మీ పీబీఎక్సే ఆపరేటర్ దగ్గర రిజిస్టర్ అయ్యే ట్రంక్‌కి మామూలుగా ఆ అవసరం రాదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లుంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మీ ఆఫీసుకి మాత్రమే వేసుకునే తాళం ఉన్న దారి) మీదే రానివ్వండి. అడ్మిన్ వెబ్ పేజీ ఇంటర్నెట్‌లోకి అసలు కనబడకూడదు. ఫెయిల్‌టుబ్యాన్ నడుస్తుండాలి, అది తప్పు పాస్‌వర్డులు కొట్టే ఐపీని ఆపేస్తుంది, అయితే వందల ఐపీల నుంచి మెల్లగా ప్రయత్నించేవాడిని అది పట్టలేదు, కాబట్టి దాన్ని నమ్ముకుని పాస్‌వర్డ్ చిన్నది పెట్టొద్దు. బయటికెళ్లే రూట్‌లో మీకు కావాల్సిన నంబర్ల తీరునే రాయించండి, 00తోనూ ప్లస్ గుర్తుతోనూ మొదలయ్యేవి రెండూ ఆగాలి. ఒకేసారి ఎన్ని కాల్స్ వెళ్లొచ్చో ట్రంక్ మీద హద్దు పెట్టించండి, ఆరుగురున్న ఆఫీసుకి ఒకేసారి 30 కాల్స్ ఎందుకు? టేబుల్ మీది ఐపీ ఫోన్లకి కూడా సొంత వెబ్ పేజీ ఉంటుంది, దానికి అడ్మిన్, అడ్మిన్ అనే పాస్‌వర్డ్ ఉంచితే అసలు పాస్‌వర్డులు అక్కడి నుంచే బయటపడొచ్చు.

ఇవన్నీ చేసి, నెలనెలా అప్‌డేట్లు పెట్టే మనిషి మీకున్నాడా? రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉండి ఫోన్ చేస్తే పలికే మనిషైనా ఫరవాలేదు. లేకపోతే దీని జోలికి పోకండి.

క్లౌడ్

ఎక్సోటెల్, మైఆపరేటర్, హైదరాబాద్‌లో పుట్టిన ఓజోన్‌టెల్ లాంటివి. ఆఫీసులో బాక్సే ఉండదు, కస్టమర్ ఒక నంబరుకి కొడితే మీ మొబైల్స్‌కి వరసగా మోగుతుంది, రికార్డింగులు వెబ్‌లో వింటారు. తుఫాను వచ్చి రెండు రోజులు కరెంటు పోయినా కస్టమర్ కాల్ ఎవరో ఒకరి మొబైల్‌కి చేరుతుంది, గోదావరి డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. సర్వర్ కాపలా వాళ్లది. ముందే డబ్బు వేసుకుని వాడే ప్లాన్ తీసుకుంటే ప్రీపెయిడ్ సిమ్ములాగే నష్టానికి హద్దు ఉంటుంది. కానీ ఆటో రీచార్జ్ పెట్టారో, ఆ హద్దు లేనట్టే.

ఇక్కడ తాళమంతా వెబ్ లాగిన్‌లో ఉంటుంది. సేల్స్ కుర్రాడు, అకౌంటెంట్, ఎప్పుడో మానేసిన మేనేజర్, అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే వేల మైళ్ల నుంచి ఎవడో రానక్కర్లేదు. ఓటీపీ తప్పనిసరి చేయండి, మనిషికో లాగిన్ ఇవ్వండి, వెబ్‌సైట్‌కి కలిపిన ఏపీఐ తాళం (మీ అకౌంట్ మీద కాల్స్ చేయించగల రహస్య కోడ్) ఎవరి దగ్గరుందో తెలుసుకోండి. కొనే ముందు కంపెనీని రాతపూర్వకంగా అడగండి: ఐఎస్డీ మొదట్నుంచీ మూసి ఉంటుందా, రోజుకి ఇంత అని ఖర్చు పరిమితి పెట్టుకోవచ్చా, అకౌంట్ హ్యాక్ అయితే డబ్బు ఎవరిది పోతుంది. జవాబు దాటవేస్తే ఇంకో కంపెనీ చూసుకోండి. 1800 నంబరు తీసుకునేవాళ్లకి అదనంగా ఒక మాట, దానికి వచ్చే కాల్ డబ్బు మీరే కడతారు, కావాలని ఎవడైనా యంత్రంతో కాల్స్ కుమ్మరిస్తే మీ బ్యాలెన్సే కరుగుతుంది. చిన్న వ్యాపారానికి అది అవసరం లేదనే నా అభిప్రాయం.

వాయిస్‌మెయిల్ కావాలా?

వద్దు. మన దగ్గర వాయిస్‌మెయిల్‌లో మాట వదిలే కస్టమర్ ఎవరండీ? మిస్డ్ కాల్ చూసి మనం తిరిగి కొడతాం, లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. వాడని వాయిస్‌మెయిల్ బాక్సు దొంగకి మాత్రం బాగా పనికొస్తుంది. ఆఫీసు మూసేశాక కాల్ చేసి, గ్రీటింగ్ వినబడుతుండగా నక్షత్రమో హాషో నొక్కి, మెయిల్‌బాక్స్ లాగిన్‌కి వెళ్లి, 0000, 1234, ఎక్స్‌టెన్షన్ నంబరు, ఇలా ప్రయత్నిస్తాడు. దొరికాక కొత్త మెసేజ్ వస్తే ఫలానా నంబరుకి చెప్పమని విదేశీ నంబరు పెడతాడు, లేదా మెయిల్‌బాక్స్ నుంచే బయటికి కాల్ కలుపుతాడు. అమెరికాలో అయితే గ్రీటింగ్‌నే మార్చి "సరే, ఛార్జీలు నేను కడతాను" అని రికార్డ్ చేసి, అవతలివాళ్లు డబ్బు కట్టే కలెక్ట్ కాల్స్ చేసుకున్నారు, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీని మీద జనాన్ని హెచ్చరించింది కూడా.

లాడ్జీకో ఆస్పత్రికో తప్పదంటే, రికార్డైన మాట ఈమెయిల్‌కి వచ్చేలా పెట్టించి, ఫోన్ ద్వారా లాగిన్ అయ్యే దారి, మెయిల్‌బాక్స్ నుంచి బయటికి కాల్ వెళ్లే దారి రెండూ మూయించండి. మానేసినవాళ్ల మెయిల్‌బాక్సులు తీసేయించండి.

ఐఎస్డీ నిజంగా కావాల్సినవాళ్లు

నర్సాపురం లేసు ఎగుమతిదారు, భీమవరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, గల్ఫ్ టికెట్లు చేసే ట్రావెల్స్ ఆఫీసు. ముందు నిజంగా కావాలా అని ఇంకోసారి చూసుకోండి, కొనేవాళ్లతో మాటలన్నీ వాట్సాప్‌లో, వీడియో మీటింగుల్లో నడుస్తుంటే ఆఫీసు లైన్‌కి ఐఎస్డీ ఎందుకు? కావాల్సిందే అంటే, ఒక్క ప్రీపెయిడ్ మొబైల్‌లో ఐఎస్డీ ప్యాక్ వేసుకుని, మిగతా అన్నిట్లో మూసేయడం అన్నిటికన్నా తేలిక. ఆఫీసు లైన్ మీదే ఉండాలంటే దేశం మొత్తం తెరవకుండా ఆ కస్టమర్ల నంబర్లే అనుమతించండి, పగటి వేళల్లోనే. కువైట్ 00965, ఖతర్ 00974, యూఏఈ 00971 దాకా ఫరవాలేదు, తేడా 001 దగ్గర వస్తుంది. అమెరికా కదా అని 001 తెరిస్తే జమైకా 876, డొమినికన్ రిపబ్లిక్ 809, గ్రెనడా 473 కూడా అందులోనే ఉన్నాయి, ఆ కరీబియన్ కోడ్‌లు ఇలాంటి మోసాల్లో బాగా వాడుకున్నవి.

ఐఎస్డీ లేదు కదా, నాకేం టెన్షన్ లేదనుకునేవాళ్లకి ఒకటి చెప్పాలి. దొంగ మీ లైన్ మీద దేశంలోనే కాల్స్ చేసి ఎవరినో మోసం చేయొచ్చు, అన్‌లిమిటెడ్ ప్లాన్ కాబట్టి బిల్లులో కూడా కనబడదు. 2024 ఆగస్టు 13న మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం రిజిస్టర్ కాకుండా సిప్, పీఆర్ఐ లైన్ల మీద స్పామ్ కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లన్నీ కట్ చేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. కాల్స్ చేసింది మీరు కాదని నిరూపించుకునేలోపు సీజన్ అయిపోతుంది. వారానికోసారి కాల్ లాగ్ తెరిచి రాత్రి పది తర్వాత వెళ్లినవి చూస్తే చాలు.

నేనైతే ఎలా ఎంచుకుంటానంటే, ముగ్గురి దాకా ప్రీపెయిడ్ సిమ్ములు. మేత డీలరు, కోచింగ్ సెంటరు, ట్రావెల్స్ లాంటి పది మంది ఆఫీసుకి ఆటో రీచార్జ్ లేని క్లౌడ్. గదులుండే లాడ్జీకి, ఆస్పత్రికి ఇంటర్‌కం బాక్సే, ఐఎస్డీ మాత్రం ఎక్స్ఛేంజిలో తీయించేసి. ఉన్న బాక్సు బాగా నడుస్తుంటే ఫ్యాషన్ కోసం ఐపీకి మారొద్దు, ఎవరైనా ఫ్రీగా పెట్టిస్తానన్నా సరే.

ఇప్పటికే కాల్స్ వెళ్తున్నాయని తెలిస్తే ముందు ట్రంక్ వైరు, అంటే బయటి లైన్ వైరు, పీకేయండి, క్లౌడ్ అయితే అకౌంట్ ఆపించండి. ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఐఎస్డీ ఆపించి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టండి, బిల్లు మీద వాదించేటప్పుడు మీరు ఎప్పుడు చెప్పారన్నదే అడుగుతారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి. బాక్సు రీసెట్ చేసే ముందు లాగ్‌లు కాపీ చేసి పెట్టుకోండి, కంగారులో టెక్నీషియన్ మొదట చెరిపేసేది అవే. ఏ సందులోంచి వచ్చారో తేలి, పాస్‌వర్డులన్నీ మారేదాకా లైన్ మళ్లీ కలపొద్దు, కలిపితే అదే రాత్రి మళ్లీ వస్తారు.